ఆకాశపు పేను – ఇంట్లో చేసుకున్న విమానం కథ

(విజ్ఞానం పేజీ)

 

ఈ నెల గోడ పత్రికలో విజ్ఞానం పేజీ నా వంతు వచ్చింది. విమానం గురించి రాస్తానంటే మా గదిలో వాళ్ళు "ఐదు వందల మంది పట్టే పెద్ద విమానం గురించి రాయి, బాగుంటుంది" అన్నారు. నేను మాత్రం ఒక్క మనిషి మాత్రమే కూర్చోగల అతి చిన్న విమానం గురించి రాస్తున్నాను. ఎందుకంటే పెద్ద విమానాన్ని పెద్ద కంపెనీలు చేస్తాయి. ఈ చిన్న విమానాన్ని మామూలు మనుషులు తమ ఇంట్లో, షెడ్డులో, సుత్తీ రంపం పట్టుకుని చేసుకున్నారు. కొందరు సంతోషంగా ఎగిరారు. కొందరు ప్రాణాలు పోగొట్టుకున్నారు. ఎందుకు పోయాయో తర్వాత కనిపెట్టారు. ఆ కనిపెట్టిన సంగతే ఈ వ్యాసంలో ముఖ్యం. కాబట్టి చివరిదాకా చదవండి.

పేరు ఎట్లా వచ్చింది?

ఈ విమానం పేరు ఫ్రెంచి భాషలో "పూ ద్యు సియెల్". అంటే "ఆకాశపు పేను". నవ్వకండి, నిజంగానే పేను! మన హాస్టల్లో ఆదివారం దువ్వెన పట్టుకుని వెతుకుతామే, ఆ పేనే. ఆ రోజుల్లో అమెరికా నుంచి వచ్చిన ఫోర్డ్ మోడల్ టీ కారు చవక. ఫ్రాన్సు రోడ్ల మీద ఎక్కడ చూసినా అదే. నల్లగా, చిన్నగా, నెమ్మదిగా పోయేది. అందుకని జనం దాన్ని "రోడ్డు పేను" అని వెక్కిరించేవారు. అట్లాంటి చవక బండి ఆకాశంలో కూడా ఉండాలని ఒకాయన అనుకున్నాడు. తన విమానానికి ఆకాశపు పేను అని తనే పేరు పెట్టుకున్నాడు. ఇంగ్లీషు వాళ్ళు పేనును మార్చి, కుక్కల ఒంటి మీద గెంతే చిన్న పురుగు పేరు పెట్టి "ఫ్లయింగ్ ఫ్లీ" అన్నారు. అసలు నంబరు పేరు హెచ్.ఎం. 14.

ఎవరాయన?

ఆయన పేరు ఆన్రీ మిన్యే. 1893లో ఫ్రాన్సులో పుట్టాడు, 1965లో చనిపోయాడు. హెచ్.ఎం. అంటే ఆయన పేరులోని మొదటి అక్షరాలే. 14 అంటే అది ఆయన పద్నాలుగో నమూనా. ఆయన చదువుకున్నది రేడియో పని. విమానాల కంపెనీలో ఇంజనీరు కాదు. చిన్నప్పటి నుంచి ఎగరడమంటే పిచ్చి. ఒక నమూనా చేసేవాడు, బాగాలేకపోతే ఇంకోటి చేసేవాడు. 1928 నాటి హెచ్.ఎం. 8 బాగానే ఎగిరింది. దాన్ని చూసి చాలామంది తామూ చేసుకున్నారు.

కానీ ఆయనకు ఒక కష్టం ఉండేది. మామూలు విమానం నడపాలంటే చేతులూ కాళ్ళూ రెండూ కలిసి పనిచేయాలి. చేతిలోని కర్రతో ముక్కు పైకీ కిందికీ తిప్పాలి, రెక్కలు పక్కలకు వంచాలి. కాళ్ళతో తోక దగ్గరి చుక్కాని తిప్పాలి. ఇది ఆయనకు సరిగ్గా కుదరలేదు. "నాకే కుదరకపోతే నాలాంటి మామూలు వాళ్ళకు ఎట్లా కుదురుతుంది? విమానాన్నే సులువు చేయాలి" అన్న ఆలోచన అక్కడి నుంచి వచ్చింది.

పారిస్ కు ఉత్తరాన ఒక పొలంలో డేరా వేసుకుని, అక్కడే ఉంటూ, చేసిందాన్ని మార్చుకుంటూ పోయాడు. 1933 సెప్టెంబరు 10న హెచ్.ఎం. 14 మొదటిసారి ఎగిరింది.

విమానం కొలతలు

మనుషులు – 1
రెక్క చివర నుంచి చివరకు – సుమారు 6 మీటర్లు (ఇంచుమించు మన తరగతి గది వెడల్పు)
పొడవు – సుమారు మూడున్నర మీటర్లు
ఖాళీ బరువు – సుమారు 100 కిలోలు
ఇంజను – 500 సి.సి. మోటారు సైకిలు ఇంజను, 17 గుర్రాల బలం
వేగం – గంటకు 40 నుంచి 100 కిలోమీటర్ల మధ్య

17 గుర్రాల బలం అంటే మన ఊళ్ళల్లో తిరిగే 100 సి.సి. బండ్లు రెండు కలిపితే ఎంతో అంత. దానితో మనిషి ఆకాశంలోకి లేవడం ఆశ్చర్యం కదా! అయితే ఇదే మొదటిది కాదు. మొదటి ప్రపంచ యుద్ధం 1918లో అయిపోయింది, రెండోది 1939లో మొదలైంది. ఈ రెంటి మధ్య కాలంలో చిన్న ఇంజనుతో ఒక్క మనిషి విమానాలు చేయడం యూరప్ లో పెద్ద సరదా. 1923లో ఇంగ్లాండులో జరిగిన పోటీలో రెన్ అనే విమానం 398 సి.సి. ఇంజనుతో ఒక గాలన్ పెట్రోలు మీద 87.5 మైళ్ళు ఎగిరింది. అంటే నాలుగున్నర లీటర్లకు 140 కిలోమీటర్లు. కానీ అట్లాంటివి ఫ్యాక్టరీలో చేసినవి. మిన్యే విమానం ఇంట్లో చేసుకునేది. తేడా అదీ.

మొండెం ప్లైవుడ్ తో చేసిన పెట్టె. రెక్కలకు సన్నని కర్ర పుల్లల చట్రం, దాని మీద గుడ్డ. గుడ్డ మీద డోప్ అనే వార్నిష్ లాంటి మందు పూస్తారు. అది ఆరితే గుడ్డ డప్పు తోలులా బిగుసుకుంటుంది, గాలి లోపలికి చొరబడదు. చెక్క పెట్టె కొట్టగలిగిన మనిషి ఈ విమానం కూడా చేయగలడని మిన్యే అనేవాడు.

రెక్క మనిషిని ఎట్లా లేపుతుంది?

ఇది తెలియకపోతే తర్వాతి కథ అర్థం కాదు, కాబట్టి నాకు అర్థమైనట్టు చెబుతాను. మీ పరీక్ష అట్ట తీసుకుని గ్రౌండులో పరుగెత్తండి. అట్టను నేలకు సమంగా పట్టుకుంటే ఏమీ ఉండదు. ముందు అంచు కొంచెం పైకి ఎత్తండి. అట్ట పైకి లేవాలని చూస్తుంది. ఎందుకు? వాలుగా ఉన్న అట్ట గాలిని కిందికి నెడుతుంది. న్యూటన్ మూడో నియమం ప్రకారం గాలి అట్టను పైకి నెడుతుంది. విమానం రెక్క చేసేదీ ఇదే. దాని ఆకారం వల్ల పై వైపు గాలి కూడా రెక్క వంపును పట్టుకుని కిందికి మళ్ళుతుంది, పై వైపు పీడనం తగ్గుతుంది. అందుకని రెక్క అట్టకంటే బాగా లేస్తుంది.

కానీ ముందు అంచును మరీ ఎక్కువ ఎత్తితే? పై వైపు గాలి వంపును పట్టుకోలేక విడిపోతుంది, సుడులు తిరుగుతుంది. రెక్క ఒక్కసారిగా లేపడం మానేస్తుంది. దీన్ని స్టాల్ అంటారు. ఆ రోజుల్లో నేర్చుకునే పైలట్లు చాలామంది ఈ స్టాల్ వల్లనే కింద పడేవారు.

మిన్యే చేసిన కొత్త పని

మామూలు విమానానికి ముందు పెద్ద రెక్క, వెనక చిన్న తోక రెక్క. మిన్యే రెండూ పెద్ద రెక్కలే పెట్టాడు. ముందు రెక్క పైలట్ తల మీద, వెనక రెక్క అతని వీపు వెనక, కొంచెం కిందుగా. వెనక రెక్క కదలదు. ముందు రెక్క మాత్రం కీలు మీద వంగుతుంది. కర్రను తన వైపు లాగితే ముందు రెక్క వెనక అంచు కిందికి దిగుతుంది, రెక్క వాలు పెరుగుతుంది, ముక్కు లేస్తుంది. కర్రను పక్కకు తోస్తే చుక్కాని తిరుగుతుంది. కాళ్ళకు పనే లేదు. సైకిలు వచ్చినవాడికి ఇది కూడా వస్తుందన్నట్టు చేశాడు.

రెండు రెక్కల మధ్య ఒక సందు ఉంటుంది. ఆ సందులోంచి గాలి జోరుగా పోతూ, ముందు రెక్క మీది గాలిని విడిపోకుండా లాగి పట్టుకుంటుంది. అందుకని ఈ విమానం స్టాల్ అయి పడిపోదు, వేగం తగ్గితే మెల్లగా కిందికి దిగుతుంది అంతే. ఇది నిజమే. మిన్యే చెప్పింది అబద్ధం కాదు. కానీ అదే సందులో ఇంకో సంగతి దాగి ఉంది. అది అప్పటికి ఎవరికీ తెలియదు.

1935 – అందరికీ పిచ్చి పట్టిన ఏడాది

1934 నవంబరులో మిన్యే ఒక పుస్తకం రాశాడు. విమానం ఎట్లా చేయాలో, ఎట్లా నడపాలో అన్నీ బొమ్మలతో సహా అందులో ఉన్నాయి. ఫ్రాన్సులో వందల మంది చేయడం మొదలుపెట్టారు. 1935లో అది ఇంగ్లీషులోకి వచ్చింది. ఒక్క నెలలో ఆరు వేల కాపీలు అమ్ముడుపోయాయి! అదే ఏడాది ఆగస్టులో మిన్యే స్వయంగా తన పేను మీద కూర్చుని సముద్రం దాటి ఫ్రాన్సు నుంచి ఇంగ్లాండు వచ్చాడు. ఇక చూడండి. బ్రిటన్ లో నూటికి పైగా పేన్లు తయారయ్యాయి. అమెరికాలో కూడా ఒకటి చేసి 1935లోనే ఎగరేశారు. వాళ్ళు దానికి పెట్టుకున్న పేరు "లా కుకరాచా", అంటే బొద్దింక. అది ఇప్పటికీ అమెరికాలోని జాతీయ విమాన మ్యూజియంలో ఉంది.

ఎవరికి ఏ ఇంజను దొరికితే అది బిగించారు. కొందరు కారు ఇంజను పెట్టారు. ఇంజను మారితే ముందు బరువు మారుతుంది. ఒక్కొక్కరి చేతిపనిలో తేడా ఉంటుంది. అంటే పేరు ఒకటే గాని ఏ రెండు విమానాలూ అచ్చంగా ఒకటి కాదు.

1936 – చావులు

తర్వాతి ఏడాది ప్రమాదాలు వరసగా జరిగాయి. బ్రిటన్ లోనూ, ఫ్రాన్సులోనూ మనుషులు చనిపోయారు. చనిపోయినవాళ్ళందరూ కొత్తగా నేర్చుకునేవాళ్ళేమీ కాదు. వైమానిక దళం అధికారులు కూడా వాళ్ళల్లో ఉన్నారు. కాబట్టి "నడపడం రాక పడిపోయారు" అని తోసేయడానికి లేదు. చూసినవాళ్ళు చెప్పింది దాదాపు ఒకటే. విమానం ముక్కు కిందికి వంగింది. ఇంకా వంగింది. మళ్ళీ లేవలేదు.

పైలట్ ఏం చేస్తాడు? ముక్కు కిందికి పోతుంటే కర్రను తన వైపు లాగుతాడు. ఎవరైనా అదే చేస్తారు, నేర్పిందీ అదే. ఇక్కడ మాత్రం ఎంత లాగినా ముక్కు లేవలేదు.

గాలి సొరంగం చెప్పిన నిజం

అప్పుడు ఊహలు మానేసి పరీక్షకు పెట్టారు. ఇంగ్లాండులో ఫార్న్‌బరో అనే చోట ప్రభుత్వ విమాన పరిశోధన సంస్థ ఉండేది. అక్కడ 24 అడుగుల వెడల్పున్న గాలి సొరంగం ఉంది. గాలి సొరంగం అంటే పెద్ద గొట్టం, దానికి పెద్ద ఫ్యాను. మామూలుగా విమానం గాలిలో కదులుతుంది. ఇక్కడ విమానం కదలదు, గాలే దాని మీదికి వస్తుంది. విమానాన్ని కొలిచే తూకం మీద నిలబెట్టి ఏ కోణంలో ఎంత బలం పడుతోందో చూస్తారు. ఎవరి ప్రాణానికీ ముప్పు లేదు. బొమ్మను కాదు, నిజమైన పేనునే అందులో పెట్టి పరీక్షించారు. ఫ్రాన్సులో కూడా పెద్ద సొరంగంలో ఇట్లాగే చేశారు.

తేలింది ఏమిటంటే: ముక్కు సుమారు 15 డిగ్రీల కంటే ఎక్కువ కిందికి వంగితే, కర్రను పూర్తిగా లాగినా ముక్కు లేపే బలం చాలదు.

ఎందుకు? మన డోలీని గుర్తు తెచ్చుకోండి. రోడ్డు లేని గూడేల నుంచి రోగిని కర్రకు కట్టిన దుప్పటిలో పడుకోబెట్టి ఇద్దరు మోసుకొస్తారు. ముందున్న మనిషి ముందు రెక్క అనుకోండి. వెనకున్న మనిషి వెనక రెక్క. మధ్యలో ఉన్నది పైలట్. ఇద్దరూ ఎవరి బరువు వాళ్ళు మోస్తే కర్ర సమంగా ఉంటుంది. ముందతను భుజం ఎత్తితే ముందు వైపు లేస్తుంది. వెనకతను ఎక్కువ ఎత్తితే ముందు వైపు వాలిపోతుంది.

ఇప్పుడు విమానం ముక్కు కిందికి పోతోంది. పైలట్ కర్ర లాగాడు. ముందు రెక్క వెనక అంచు కిందికి దిగింది. దిగి ఎక్కడికి వచ్చింది? సరిగ్గా వెనక రెక్క ముందుకు, చాలా దగ్గరగా వచ్చింది. సందు ఇరుకైంది. ఆ ఇరుకులోంచి గాలి ఇంకా జోరుగా వెనక రెక్క పై వైపుకు దూసుకుపోయింది. వెనక రెక్క మరింత బలంగా లేచింది. అంటే పైలట్ "ముందతనూ, ఎత్తు!" అని అరుస్తుంటే, ఆ అరుపుకు వెనకతను కూడా బలంగా ఎత్తుతున్నాడు. ఇక ముక్కు ఎట్లా లేస్తుంది? కాపాడాల్సిన కర్రే పనికిరాకుండా పోయింది.

స్టాల్ కాకుండా కాపాడిన సందు, ముక్కు వంగినప్పుడు ప్రాణం తీసిన సందు – రెండూ ఒకటే. ఇది చదివినప్పుడు నేను చాలాసేపు ఆ బొమ్మనే చూస్తూ కూర్చున్నాను.

మరి మిన్యే అన్నిసార్లు ఎగిరినా ఆయనకేమీ కాలేదే అని మీరు అడగొచ్చు. నాకు అర్థమైనది ఇది: ఆయన విమానం బరువులు ఆయన సరిచూసుకున్నవి, ఆయన నడిపిన తీరు నెమ్మది, ఆ కోణం దాకా పోలేదు. వందసార్లు బాగా ఎగిరిందంటే ఆ వందసార్లు ఎగిరిన తీరులో బాగుందని మాత్రమే అర్థం. నూటొకటోసారి ఇంకో కోణంలో ఏమవుతుందో అది చెప్పదు.

తర్వాత ఏమైంది?

బ్రిటన్ లో అనుమతులు ఆపేశారు. చేసుకున్న విమానాలు చాలా షెడ్లలోనే ఉండిపోయాయి. కానీ కథ అక్కడితో అయిపోలేదు. తప్పు ఎక్కడుందో తెలిసింది కాబట్టి దిద్దడం కూడా కుదిరింది. రెండు రెక్కల మధ్య దూరం మార్చారు, రెక్క ఆకారం మార్చారు. అట్లా మార్చినవి క్షేమంగా ఎగిరాయి. మిన్యే మానేయలేదు. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత కూడా కొత్త నమూనాలు చేస్తూనే ఉన్నాడు. ఇంట్లో విమానం చేసుకోవాలన్న కోరిక కూడా చావలేదు. 1953లో అమెరికాలో అట్లాంటివాళ్ళు ఒక సంఘం పెట్టుకున్నారు. అది ఇప్పటికీ ఉంది. ఒకరు చేసింది ఇంకొకరు చూసి లోపాలు చెప్పుకోవడం ఇట్లాంటి సంఘాల్లో పెద్ద పని.

నాకు అనిపించింది

ఈ కథ విన్నవాళ్ళు కొందరు "చదువుకోని పనికి పోతే ఇంతే" అంటారు. నేను ఒప్పుకోను. రైట్ సోదరులు కూడా కాలేజీకి పోలేదు. సైకిళ్ళు బాగుచేసేవాళ్ళు. కానీ వాళ్ళు 1901లోనే ఆరడుగుల చెక్క పెట్టెకు ఫ్యాను పెట్టి సొంతంగా గాలి సొరంగం చేసుకున్నారు. సుమారు 200 రకాల చిన్న రెక్కలు అందులో పెట్టి కొలిచి, లెక్కలు రాసుకున్నారు. ఆ తర్వాతే 1903 డిసెంబరు 17న ఎగిరారు. మిన్యేకు ధైర్యం ఉంది, చేతిపని ఉంది, నలుగురికీ పంచిపెట్టే గుణం ఉంది. ఇవి రైట్ సోదరులకంటే తక్కువేమీ కాదు. లేనిది ఆ పెట్టె. వందల మంది చేతికి ఇచ్చేముందు దాన్ని అన్ని కోణాల్లో కొలిచి చూడలేదు. ఆ కొలత తర్వాత జరిగింది, మనుషులు పోయాక జరిగింది.

మనలో చాలామందికి చేతిపని వస్తుంది. బుట్ట అల్లుతాం, విల్లు చేస్తాం, ఇల్లు కప్పుతాం. విమానం లాంటివి మాత్రం మనవి కావు, ఎక్కడో పెద్దవాళ్ళవి అనుకుంటాం. చెక్క, గుడ్డ, మోటారు సైకిలు ఇంజనుతో అదీ అయింది కదా! కావలసింది చేతిపనికి తోడు కొలిచే అలవాటు. (ఒక ముఖ్యమైన మాట: మన దేశంలో మనిషి ఎక్కే విమానం ఏదైనా ప్రభుత్వ విమాన శాఖ డి.జి.సి.ఎ. అనుమతి లేకుండా ఎగరేయకూడదు. కాబట్టి చెట్టెక్కి దూకే ప్రయత్నాలు ఎవరూ చేయకండి!)

చేసి చూడండి

నోటు పుస్తకం కాగితంతో ఒక విమానం మడవండి. ఒక జెమ్ క్లిప్ తీసుకోండి. ముందు ముక్కు దగ్గర పెట్టి 5 సార్లు విసరండి. తర్వాత మధ్యలో పెట్టి 5 సార్లు, చివరికి తోక దగ్గర పెట్టి 5 సార్లు. ప్రతిసారీ ఎన్ని అడుగులు పోయిందో, ముక్కు వంగిందా లేచిందా రాసుకోండి. ఒకసారికి ఒక్క మార్పే చేయాలి. రెండు మార్పులు ఒకేసారి చేస్తే ఏది దేనివల్ల జరిగిందో తెలియదు.

వార్డెన్ సార్లకు మనవి: బయట గాలి వీస్తే కొలతలు తప్పుతాయి. ఆదివారం టిఫిన్ అయ్యాక ఒక గంట భోజనాల హాలు ఇప్పిస్తే అందరం కలిసి చేస్తాం. అయ్యాక కాగితాలన్నీ ఏరి ఊడ్చే బాధ్యత మా తరగతిది.

ప్రశ్నలు (జవాబులు వచ్చే సంచికలో)

1. కర్రను లాగినప్పుడు ముందు రెక్క ఏ అంచు కిందికి దిగుతుంది?
2. స్టాల్ అంటే ఏమిటి? మీ సొంత మాటల్లో రాయండి.
3. ఇంజను బరువు పెరిగితే డోలీలో ఎవరి మీద భారం పెరిగినట్టు?
4. గాలి సొరంగంలో విమానం కదలకపోయినా ఎగిరినప్పటి బలాలు ఎట్లా తెలుస్తాయి?

జవాబులు తెలిసినవాళ్ళు కాగితం మీద రాసి, పేరు, తరగతి వేసి, గోడ పత్రిక కింద ఉన్న డబ్బాలో వేయండి.

– పదో తరగతి విద్యార్థి